సూపులో పోసిన బరోలో

కొత్త వైన్ రుచి చూసే సాన్ మార్తినో పండుగ పొద్దున్నే మిరెల్లా తండ్రికి తెగేసి చెప్పింది.

"నాన్నా, ఇవాళ నువ్వూ మా కాబోయే మావగారూ వైన్ గురించి ఒక్క మాట అనుకున్నారో, నేనూ సిల్వానో ఎల్లుండే మునిసిపాలిటీకి వెళ్లి సంతకాలు పెట్టేస్తాం. చర్చీ లేదు, నువ్వు నా చెయ్యి పట్టుకుని నడవడమూ లేదు."

ఒరెస్తెకు ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఆ నాలుగడుగుల కోసం ఆమె పుట్టినప్పటి నుంచీ ఎదురు చూస్తున్నాడు. కానీ కాబోయే వియ్యంకుణ్ణి తలచుకుంటే ఒళ్లు మండుతోంది. దెల్ఫీనోది లాంగే కొండల్లో తరతరాలుగా బరోలో వైన్ చేసే కుటుంబం. ఆయన ఒకసారి ఫోన్లో, ఒరెస్తె చేసే నురగల వైన్ లాంబ్రూస్కోని "ఆ ఎర్ర సోడా" అన్నాడు. పో నది ఒడ్డున పుట్టినవాడు తనను తిడితే సహిస్తాడేమో గానీ, ఆ మాట సహించడు.

మధ్యాహ్నానికి తండ్రీకొడుకులు వచ్చారు. దెల్ఫీనో చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక సీసాను తువ్వాల్లో చుట్టి తెచ్చాడు.

"మావాడు పుట్టిన ఏడాదిదండీ. ఇంట్లో రెండే మిగిలాయి. కాసేపు మూత తీసి ఉంచాలి, గాలి తగలాలి."

"మాదానికి అంత సేవ అక్కర్లేదు లెండి," అన్నాడు ఒరెస్తె. కూతురు కొరకొరా చూడగానే పొయ్యి వైపు తిరిగిపోయాడు.

ఒరెస్తె భార్య నీవెస్ గిన్నెల్లో సూపు తెచ్చింది. మాంసం కూరిన చిన్న చిన్న పిండి పొట్లాలు, అగ్నోలిని, తలా గుప్పెడు, పైన పొగలు కక్కే చారు.

"మా ఇళ్లలో ముందు సూపులో వైన్ పోసుకుని, మంటకు వీపు పెట్టి నిలబడి తాగుతామండీ," అన్నాడు ఒరెస్తె. తన గిన్నెలో లాంబ్రూస్కో వంపుకున్నాడు. గులాబీ రంగు నురగ పొంగింది. పద్ధతి ప్రకారం అతిథికీ తనే పోయాలి. కానీ సోడా అన్నవాడికి తనెందుకు పోయాలి? కూజా తన దగ్గరే ఉంచుకున్నాడు.

దెల్ఫీనో ఒక్క క్షణం చూశాడు. ఇక్కడ ఎవరింటి వైన్ వాళ్లే పోసుకోవాలి కాబోలు అనుకున్నాడు. కొడుకు పుట్టిన ఏడాది బరోలోని తీసి, వేడి సూపులో ధారగా పోశాడు.

"అయ్యయ్యో!" అంది నీవెస్.

సూపు సిరాలా నల్లబడింది. దెల్ఫీనో లేచి, మంటకు వీపు పెట్టి, ఒక గుక్క తాగాడు. వగరుకు చెంపలు లోపలికి పోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. గిన్నె మాత్రం దించలేదు.

ఒరెస్తెకు ముందు పట్టరాని సంతోషం కలిగింది, వెంటనే సిగ్గేసింది. ఉన్న రెండిట్లో ఒకటి తన పొయ్యి ముందు, తన ఇంటి ఆచారమని ఆ మనిషి పోసేశాడు. తప్పు తన పిసినారి చేతిది. తన సూపు గటగటా తాగేసి, ఖాళీ గిన్నె చాపాడు.

"మీ గిన్నెలోది సగం నాక్కూడా వంపండి."

తాగాడు. నాలుక పిడచకట్టింది.

"ఎలా ఉందండీ?" అన్నాడు దెల్ఫీనో.

"చెప్పకూడదండీ. మా అమ్మాయి ఒట్టు పెట్టింది."

"మావాడూ అంతే! నోరెత్తితే పెళ్లికి పిలవనన్నాడు."

మిరెల్లా ఆపుకోలేక పకపకా నవ్వింది. "చాల్లెండి, ఇక అనేసుకోండి!"

"దరిద్రంగా ఉందండీ!" అన్నాడు ఒరెస్తె.

"పరమ దరిద్రంగా!" అన్నాడు దెల్ఫీనో.

నీవెస్ మళ్లీ సూపు పోసింది. ఈసారి ఒరెస్తె తన చేత్తో అతిథి గిన్నెలో లాంబ్రూస్కో వంపాడు. ఆ పుల్లని చెర్రీ వాసన ఆవిరితో పాటు లేచింది. ఉడికించిన పంది సాసేజీ వచ్చాక దెల్ఫీనో ఒక ముక్క తిని ఒక గుక్క తాగాడు. నోట్లో పేరుకున్న కొవ్వంతా బుడగలతో కొట్టుకుపోయింది. ఇంకో ముక్క అడిగాడు, ఇంకో గ్లాసూ అడిగాడు. సీసాలో మిగిలిన బరోలో ఎద్దుమాంసం వేపుడు దగ్గరకు వచ్చింది. ఎండు గులాబీ వాసన, మాంసం పక్కన మెత్తబడిన వగరు. ఒరెస్తె తన గ్లాసు రెండుసార్లు ముందుకు జరిపాడు.

"బావగారూ," అన్నాడు దెల్ఫీనో. ఆ పిలుపుకు బల్ల చుట్టూ అందరూ తలెత్తారు. "పెళ్లిలో సూపుకి మీది, మాంసానికి మాది. మిగిలిన ఆ ఒక్క సీసా కూడా తెస్తాను. చర్చి మాత్రం మీ ఊరిదే. అమ్మాయిని నడిపించుకు రావాల్సింది మీరు కదా."

మిరెల్లా లేచి వచ్చి తండ్రి మోచేతిలో చెయ్యి దూర్చింది.

"లే నాన్నా, ఒకసారి నడిచి చూద్దాం. నువ్వసలే తొందరగా నడుస్తావు."

పొయ్యి దగ్గర నుంచి వాకిలి దాకా పట్టుమని పది అడుగులు లేవు. ఒరెస్తె అంత నెమ్మదిగా తన జన్మలో ఎప్పుడూ నడవలేదు.