వంగేదా, లొంగేదా

నా భార్య కుట్టుమిషన్ కిటికీ పక్క మూలలో ఉంటుంది. అక్కడే ఉంటుంది.

ఆమె పోయాక ఆ గదిలో గోడల వెంట చెక్కలు బిగించి బొమ్మ రైలుకి దారి వేశాను. మూడు మూలల్లో బొమ్మల దుకాణంలో దొరికే వంపు పట్టా ముక్కలు సరిపోయాయి. నాలుగో మూల మిషన్‌ది. చెక్కని దాని చుట్టూ కోసి, ముక్కలు అతికాను. పొట్టి ఇంజన్ తిరిగింది. పొడుగు ఇంజన్ పడింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ పడింది.

ఆ పొడుగు ఇంజన్ ఆమె కొన్నది. ఆస్పత్రికి బయల్దేరుతూ, "ఇది తిరిగేలా దారి వెయ్యండి, వచ్చాక చూస్తాను" అంది. రాలేదు.

నా బావమరిది వచ్చి, ఇంజన్ పల్టీ కొట్టడం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ మిషన్ తీసేస్తే పోలా బావా? దుమ్ము పట్టి చస్తోంది. మా అమ్మాయి కుట్టుకుంటుంది."

"అది కదలదు."

"అదీ కదలదు, నువ్వూ కదలవు. రైలు మాత్రం కదలాలంటావు! సరే, పందెం. ఆదివారం మనుషుల్ని తీసుకుని వస్తా. ఈ పొడుగు బండి పడిందా, మా అక్క మిషన్ నేను పట్టుకుపోతా. తిరిగిందా, ఇక జన్మలో దాని మాటెత్తను."

"తీసుకురారా నీ మనుషుల్ని" అన్నాను. నోరు నాది, రోషం నాది. మిషన్ ఒక్కటే ఆమెది.

వీడు ఆస్పత్రికి ఒకే ఒక్కసారి వచ్చాడు. గొడుగు మరిచిపోయి, దాని కోసం వెనక్కి వచ్చాడు. రెండుసార్లు వెళ్ళానని అందరికీ చెప్పుకుంటాడు.

మర్నాడు దుకాణం తలుపు తీసేసరికి గుమ్మంలో ఉన్నాను. దుకాణదారుణ్ణి అందరూ గార్డు అంటారు. ఎవరు లోపలికొచ్చినా ఈల వేస్తాడు. వేశాడు. మిషన్ సంగతి చెప్పాను.

"ముక్కలతో అవదండీ. వంచుకునే పట్టా కావాలి మీకు" అని గజం పొడవున్న పట్టాలు రెండు బల్లమీద పెట్టాడు. నా కళ్ళు వాటిమీదే అతుక్కుపోయాయి. మొదటిది చేత్తో వంచాడు. వంచినట్టే ఉండిపోయింది. రెండోది వంచి వదిలాడు. టంగుమని తిన్నగా అయిపోయింది.

"ఇది లొంగుతుంది. ఇది వంగుతుంది."

"తేడా ఏంటయ్యా?"

"లొంగేది మీరెలా పెడితే అలా పడుంటుంది. మీ చెయ్యి వణికితే ఆ వణుకు కూడా దాచుకుంటుంది. వంగేది మేకులు కొట్టి పట్టుకుంటే తప్ప నిలబడదు. కానీ దాని వంపు నున్నగా వస్తుంది. ఎక్కడా గూని ఉండదు."

బతుకంతా సైకిలు చక్రాలు సరిచేసినవాణ్ణి. పట్టా రెండు చివరలూ పట్టుకుని మెల్లిగా వంచాను. అది నా చేతుల్ని తోసింది. ఒళ్ళంతా ఝల్లుమంది. "మీరు వంగుతారు గానీ లొంగరు. చెయ్యి తీస్తే మళ్ళీ మొదటికే" అనేది నా భార్య.

"ఇదే, రెండివ్వు" అన్నాను.

"మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, మీరు కానివ్వండి" అన్నాడు గార్డు.

మూల తిరగడానికి ఒక పట్టా చాలదు. మొదటిది వంచి మేకులు కొట్టాను. దాని చివర రెండోది అతికి వంచాను. అద్భుతంగా ఉందనుకున్నాను. అతుకు దగ్గర మోచెయ్యిలా పొడుచుకొచ్చింది. ఇంజన్ సరిగ్గా అక్కడే దూకి మిషన్ ఒళ్ళో పడింది.

శనివారం పొద్దున్నే గార్డు మీద పడ్డాను.

"వంచాక అతికారా?" అన్నాడు.

"మరి?"

"అయ్యో! తిన్నగా ఉన్నప్పుడే అతకాలండీ. రెండూ నేలమీద బారుగా పరిచి, అతుక్కి టంకం పెట్టి, అప్పుడు ఒకటే పట్టా అనుకుని వంచండి. పట్టాకున్న రెండు కమ్మీల్లో లోపలిది చివర్లో బయటికి జరుగుతుంది. అన్నీ అయ్యాక దాన్ని కోసెయ్యండి. ముందు కోశారో, మళ్ళీ నా దగ్గరికే."

"ఇది మొన్నే చెప్పి చావొచ్చుగా?"

"మీరు ఆగితేగా! పట్టా చంకలో పెట్టుకుని పెళ్ళికొడుకులా పరిగెత్తారు."

ఇంటికి మళ్ళీ అలాగే పరిగెత్తాను. మేకులు పీకి, పట్టాలు తిన్నగా పరిచి అతికాను. వంచాను. కమ్మీ అతను చెప్పినట్టే పాములా బయటికి పాకింది. అప్పుడు కోశాను. అతుకు మీద వేలు పెట్టి చూస్తే ఎక్కడుందో తెలియలేదు. బండి మాత్రం నడపలేదు. నడిపితే వాడి ముందే.

ఆదివారం బావమరిది మనుషుల్ని వీధిలో నిలబెట్టి, గొడుగు తెచ్చి మిషన్ చక్రానికి తగిలించాడు. అప్పుడే తనదైపోయినట్టు. నేను మీట తిప్పాను.

ఇంజన్ మొదటి మూల దాటింది. రెండోది. మూడోది. నా గుండె దానికన్నా ముందు పరిగెడుతోంది. మిషన్ మూలకి వచ్చేసరికి పొడుగు ముక్కు పట్టా దాటి బయటికి తిరిగింది. వాడి గొడుక్కీ దానికీ గోరంత ఎడం. వాడు ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను.

దాటింది. వెనకాల పెట్టెలన్నీ దాటాయి.

"ఇంకోసారి" అన్నాడు. తిరిగింది.

"వెనక్కి నడుపు చూద్దాం!" వెనక్కీ తిరిగింది. నాకు కేక వెయ్యాలనిపించింది. వేశాను.

"అబ్బ! గెలిచావు బావా" అన్నాడు. కిటికీలోంచి మనుషుల్ని పొమ్మన్నాడు. మిషన్ మీద చెయ్యి వేసి, "అక్క చూసుంటే..." అని మొదలెట్టాడు.

"ఆ మాట నువ్వనకు."

చెయ్యి తీసేశాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. వాడే.

"గొడుగు..."

తీసుకున్నాడు. కదలడు. కళ్ళు పట్టామీదే ఉన్నాయి. రెండుసార్లు వచ్చానని దీన్నీ చెప్పుకుంటాడు. చెప్పుకోనీ. ఆస్పత్రి సంగతి నేను మరిచిపోలేదు, మరిచిపోను. కూర్చోమని అనలేదు.

మీట మాత్రం తిప్పాను.