కోటిరత్నం పెట్టని సంతకం

నేను ఒక ఎర్ర సిలిండర్ని. వంటగ్యాస్ బండని కాదు, దయచేసి అలా పిలవకండి. ఈ షాపులో సగం మంది నన్ను బండనే అనుకుంటారు. నన్ను చూసి పిల్లల్ని దూరంగా లాగుతారు, పేలిపోతానని. మంటని ఆర్పేదాన్ని చూసి భయపడి, మంటని పుట్టించే సీరియల్ బల్బుల తీగల్ని మాత్రం ప్రతి గుమ్మానికీ మెలికలు తిప్పి కడతారు. ఏం చెప్పమంటారు, నా ఖర్మ.

ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. ఒకాయన నా కడుపులో పసుపుపచ్చటి పొడి పోశాడు, ఇంకొకాయన దాన్ని బయటికి తోసే గాలి ఎక్కించాడు. నెత్తిన ఒక పిడి, పిడి నొక్కుకుపోకుండా అడ్డంగా ఒక ఇనుప పుల్ల, పక్కన గోళీకాయంత గడియారం. అందులో ఒకటే ముల్లు. ముల్లు పచ్చలో ఉంటే నేను బతికున్నట్టు, ఎర్రలో ఉంటే చచ్చినట్టు. ఇంతకన్నా తేలికైన చదువు లోకంలో లేదు. అయినా తెనాలిలో నాలుగంతస్తుల కామధేను వస్త్రాలయంలో ఆ ముల్లు కేసి చూసిన మనిషి ఒక్కతే, కోటిరత్నం.

మూడో అంతస్తులో జాకెట్ల మ్యాచింగ్ సెక్షన్ ఆమెది. చీర కొంగు చేతికిస్తే చాలు, నూట ఇరవై రంగుల తానుల్లోంచి దానికి సరిపోయే గుడ్డ కళ్ళు మూసుకుని లాగుతుంది. పదకొండేళ్ళుగా అదే పని. నిలబడే పని. కూర్చుంటే సేల్స్ పడిపోతాయని ఓనరు రామలింగయ్యగారి నమ్మకం కాబట్టి ఆ అంతస్తులో ఒక్క స్టూలు కూడా లేదు.

ఒకరోజు పొద్దున్నే మేనేజరు భాస్కరమూర్తితో, లిఫ్టు పక్క బోర్డులోంచి కాలిన వాసన వస్తోందండీ అని చెప్పింది. అదే ఆమె చేసిన తప్పు. ఈ షాపులో ఒక ఆచారం ఉంది. ఎవరు చెబితే ఆ పని వాళ్ళదే. నీళ్ళ డ్రమ్ములో బల్లి పడిందని చెప్పినవాడే డ్రమ్ము కడగాలి. అందుకే ఎవరూ ఏదీ చూడరు. అందరికీ కళ్ళున్నాయి, ఎవరికీ చూపు లేదు. సరిగ్గా ఆ వారమే ప్రతి అంతస్తుకీ అగ్నిప్రమాదాల బాధ్యుల పేర్లు రాసి పంపమని ఫైర్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. మూర్తిగారు రెండో ఆలోచన లేకుండా మూడో అంతస్తు అన్నచోట కోటిరత్నం పేరు రాసేశాడు.

ఆమె పాపం అడిగింది, దీనికి జీతంలో ఏమైనా కలుపుతారా అని. మూర్తిగారు నొచ్చుకున్నాడు. బాధ్యత అంటే గౌరవం, గౌరవానికి రేటు కడతామా అన్నాడు. గౌరవం కింద ఒక ప్లాస్టిక్ బ్యాడ్జి ఇచ్చాడు. దాని పిన్ను రెండోరోజే ఊడిపోయింది.

ఇక చూడండి ఆవిడ పాట్లు. రోజూ అరగంట ముందు రావాలి. నా ఒళ్ళు తుడవాలి, ముల్లు చూడాలి. నెలకోసారి నా మెడలో వేలాడే అట్టమీద సంతకం పెట్టాలి. వెనక మెట్లు ఖాళీగా ఉంచాలి. ఆ మెట్లమీద పొద్దున ఆమె పెట్టెలు తీస్తుంది, సాయంత్రానికి మళ్ళీ కొత్త స్టాకు పెట్టెలు పేర్చేస్తారు. అడిగితే, గోడౌన్లో చోటెక్కడుందీ అంటారు. ఆమెని చూడగానే అదే అంతస్తులో పంచెల సెక్షన్ అప్పయ్య అయితే, ఫైరింజను వస్తోంది, పక్కకి జరగండర్రా అని నోటితోనే గంట కొట్టేవాడు. మంచివాడే. మోకాళ్ళ నొప్పులతో రోజంతా నిలబడే మనిషికి అదొక కాలక్షేపం. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మంటలార్పేదానికే ఒళ్ళు మండించాడంటే చూసుకోండి.

అసలు బాధ అది కాదు. వెనక మెట్ల తలుపు. స్టాకు ఎక్కించి దించే కాసేపు తప్ప దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి కింద ఓనరుగారి సొరుగులో ఉంటుంది. ఓనరుగారు మధ్యాహ్నం భోజనానికెళ్తే సొరుగుకీ తాళమే. తలుపు తీసి ఉంచితే ఆడపిల్లలు చీరలు దాచుకుని వెనకనుంచి పారిపోతారట. మంట వస్తే ఎలాగండీ అని కోటిరత్నం అడిగితే, ఫోన్ చేస్తే వస్తాను కదమ్మా అన్నారాయన. అయ్యగారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ముందు మెట్లు ఇద్దరు పక్కపక్కన దిగలేనంత ఇరుకు. పండగ సీజన్లో ఆ అంతస్తులో ఎనభై మంది ఉంటారు. ఆ లెక్క నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. తెలియాల్సిన వాళ్ళకి తెలియదు.

మూడు నెలలు అడిగింది. తర్వాత అడగడం మానేసి, సంతకం పెట్టడం కూడా మానేసింది. నా మెడలో అట్టమీద శ్రావణం ఖాళీ, భాద్రపదం ఖాళీ. రేపు తనిఖీకి ఫైర్ ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారనగా మూర్తిగారికి అట్ట కనబడింది. పెన్ను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కాగితాల్లో, ట్రైనింగ్ ఫోటోలో అన్నిచోట్లా ఆమె పేరే ఎక్కేసింది, ఇంకొకరు పెడితే చెల్లదు. బతిమాలాడు, కసిరాడు, ఉద్యోగం ఊడుతుందన్నాడు. ఆమె గుడ్డ తాను చుడుతూనే ఉంది.

"తాళంచెవి ఈ బండ పక్కన మేకుకి తగిలించండి. తగిలించాకే సంతకం పెడతాను," అంది.

అవును, ఆమె కూడా నన్ను బండ అనే అంది. ఆమెకి మాత్రం క్షమించాను. ఆ సాయంత్రమే తాళంచెవి నా పక్కకి వచ్చింది. సంతకం నా మెడకి వచ్చింది. అన్నేళ్ళలో ఈ షాపులో ఒక పని జరగగా చూడటం నాకదే మొదలు.

దసరా వచ్చింది. ఆయుధపూజ. తక్కువ చేశారనను. కత్తెరలకీ, కొలబద్దలకీ, బిల్లు మిషనుకీ, లిఫ్టుకీ, నాకూ పసుపు కుంకుమలు పెట్టారు. నా ముల్లుమీద కూడా గంధం పూశారు, అది పచ్చో ఎర్రో తెలీకుండా. నా ముందే పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. మూర్తిగారైతే భక్తి పట్టలేక పసుపుతాడు తెచ్చి నా పిడికీ పుల్లకీ కలిపి తొమ్మిది చుట్లు చుట్టి ముడి బిగించాడు. ఆ తాడు దానంతటది ఊడాలే గానీ తెంపకూడదట. అయ్యా, ఆ పుల్ల ఊడితేనే కదా నేను పనిచేసేది! నాకు నోరుంటే ఆరోజు కేకలు పెట్టేదాన్ని. దేవుడు ఒక గొట్టం ఇచ్చాడు గానీ నోరివ్వలేదు.

మర్నాడు కోటిరత్నం గంధం తుడిచి, జాకెట్ గుడ్డలు కత్తిరించే కత్తెరతో ఆ తాడు తెంపింది. మూర్తిగారు చూసి గుండెలు బాదుకున్నాడు. పూజ కట్టు తెంపుతావా, షాపుకి అరిష్టం అని అంతస్తు అంతా వినబడేలా తిట్టాడు. ఆడవాళ్ళందరి ముందూ ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తాడు మళ్ళీ కట్టలేదు. తనూ కట్టలేదు, ఎవరినీ కట్టనివ్వలేదు.

దీపావళికి నాలుగు రోజుల ముందు. మధ్యాహ్నం మూడు గంటలు. అంతస్తు కిక్కిరిసి ఉంది. ఓనరుగారు భోజనానికెళ్ళారు. ముందు మెట్ల పైన కట్టిన సీరియల్ బల్బుల తీగ చిటపటమంది. దానికింద కాగితం పూల తోరణం అంటుకుంది, తోరణం నుంచి అట్టపెట్టెలకి పాకింది. పొగ లేచింది. జనమంతా తెలిసిన దారికే, అంటే ఆ మంటవైపున్న ముందు మెట్లకే తోసుకున్నారు.

కోటిరత్నం నా దగ్గరికొచ్చింది. మేకున ఉన్న తాళంచెవి తీసి అప్పయ్య చేతిలో పెట్టింది.

"బాబాయ్, వెనక తలుపు తియ్యి. అందర్నీ అటు పంపించు. నేనిక్కడుంటాను," అంది.

నన్ను ఎత్తుకుంది. నా బరువుకి ఆమె నడుం వంగింది. పుల్ల లాగితే వచ్చేసింది, తాడు లేదు కాబట్టి. తొమ్మిది చుట్లు ఉండి ఉంటేనో? ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా రేకు జల్లుమంటుంది. పిడి నొక్కింది. నా జన్మంతా దాచుకున్నది ఇరవై క్షణాల్లో కక్కేశాను. మంట తలవంచింది. పొగలో దగ్గుతూ ఆమె నన్ను దించకుండా అలాగే నిలబడింది, వెనక మెట్లమీద ఆఖరి అడుగుల చప్పుడు ఆగేదాకా. మోకాళ్ళ నొప్పుల అప్పయ్య ఒక ముసలమ్మని వీపున వేసుకుని దిగాడు. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఫైరింజను వచ్చేసరికి తడపడానికి బూడిదే మిగిలింది.

పదిరోజుల తర్వాత సన్మానం పెట్టారు. ఓనరుగారు నన్ను పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగారు. ముందుచూపుతో పరికరాలు ఏర్పాటు చేశామని విలేకరికి చెప్పారు. కోటిరత్నానికి షాపులోదే ఒక శాలువా కప్పారు. ఆమె శాలువా మడతపెట్టి బల్లమీద పెట్టింది.

"శాలువా వద్దండి. ఈ పనిని జీతంలో కలపండి. లేదంటే ఇకనుంచి చెయ్యను."

ఆలోచిద్దాం అన్నారు ఓనరుగారు, ఫోటో నవ్వుతోనే. ఆలోచన మర్నాడే పూర్తయింది. కోటిరత్నం మీద భారం తగ్గించామని నోటీసు బోర్డుమీద కాగితం అంటించారు. బాధ్యుడి పేరు దగ్గర ఆమెది కొట్టేసి అప్పయ్యది రాశారు. ఆ గందరగోళంలో రెండు పట్టుచీరలు కనబడకుండా పోయాయట, అందుకని వెనక తలుపుకి మళ్ళీ తాళం వేశారు. తాళంచెవి మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. ఎనభై మంది దిగిన తలుపులోంచి వాళ్ళకి కనబడింది రెండు చీరలేనా! ఇక నన్నంటారా, పొడి నింపించడానికి పంపకుండా శుభ్రంగా కడిగి, రంగు వేసి, మళ్ళీ గోడకి తగిలించారు. పైకి పెళ్ళికూతుర్ని, లోపల ఉత్త డబ్బాని.

ఈరోజు మళ్ళీ తనిఖీ. మూర్తిగారు అప్పయ్యని పిలిచి అట్ట, పెన్ను చేతికిచ్చాడు. ఇక్కడ ఒక గీత గీకు చాలన్నాడు. అప్పయ్య మోకాలు పట్టుకుని మెల్లగా వంగాడు. పంచె చెంగుతో నా గడియారం తుడిచాడు. చాలాసేపు చూశాడు. నా పక్కనున్న ఖాళీ మేకుని కూడా చూశాడు. పెన్నుకి మూత పెట్టేశాడు.

"ముల్లు ఎర్రలో ఉంది. మేకున తాళంచెవి లేదు. నేను పెట్టను మూర్తిగారూ," అన్నాడు.

మూర్తిగారు తెల్లబోయి, ఇంకెవరైనా పెడతారా అని అంతస్తంతా చూశాడు. కోటిరత్నం ఎవరిదో చీరకి వంకాయరంగు గుడ్డ కొలుస్తోంది, తలెత్తలేదు. పక్క కౌంటరు వాళ్ళూ తలెత్తలేదు. ఈసారి చూపు లేక కాదు. కింద మెట్లమీద ఇన్‌స్పెక్టరుగారి బూట్ల చప్పుడు వినబడింది. మూర్తిగారు ఓనరుగారి సొరుగు దగ్గరికి పరుగెత్తాడు. తాళంచెవి ఈసారి కూడా దొరుకుతుందేమో. నా ముల్లు మాత్రం, ఎవరెంత పరుగెత్తినా, ఎర్రలోనే ఉంది.