తాగకుండా పెట్టిన కప్పు

సిరియాలోని హమాలో అమ్మ పోయిందన్న కబురు ఇస్తాంబుల్‌లో ఉన్న మున్జిర్‌కు చెల్లెలి ఫోనులో అందింది. ముప్పయ్యారేళ్లుగా ఆ తల్లి ముఖం చూడలేదు పాపం. గూఢచారులు వింటారన్న భయంతో ఆవిడ ఫోనులో ఏనాడూ కొడుకు పేరెత్తలేదు. స్నేహితురాలితో మాట్లాడుతున్నట్టు "ఏమే సుహైలా, తిన్నావా?" అనేది. రాతలతో దేశదేశాల కుర్రాళ్ల రక్తం మరిగించిన ఈ గడ్డం షేకేమో గొంతు తగ్గించి "తిన్నాను" అనేవాడు. ఇక ఆ పిలుపూ లేదు.

సంతాపం మూడు రోజులు. తలుపు తీసి ఉంచాలి, వచ్చినవాళ్లకు చక్కెర లేని కాఫీ పోయాలి. పోయడానికి మనుషులు రావాలి కదా! హాలు అడుగుదామని హమావాళ్ల సంఘం కార్యదర్శికి ఫోను చేశాడు.

"అల్లా ఆమెను కరుణించాలి షేక్‌గారూ. తల్లి తల్లే. కానీ హాలుకు రంగులేస్తున్నారండీ."

"పోయిన వారమేగా వేశారు?"

"మళ్లీ వేస్తున్నారు." గొంతు తగ్గించాడు. "మీకు తెలియంది ఏముంది? మీ పేరు ఆ జాబితాలో ఉంది. మీ గుమ్మం తొక్కితే రేపు మా నివాస కాగితాలు గాల్లో దీపాలే. పిల్లలు గలవాళ్లం."

ఉగ్రవాదులకు ఊతమిచ్చాడని మూడు దేశాలు అతని పేరు రాసుకున్నాయి. "నేను తుపాకీ పట్టలేదు, కలం పట్టాను" అని ఇన్నేళ్లూ బల్లగుద్ది వాదించాడు. వాదనకేం, బాగానే ఉండేది. వినేవాళ్లే ఒక్కొక్కరూ జారుకున్నారు. భార్య పోయి ఆరేళ్లయింది. కొడుకు సారియా జర్మనీలో పళ్ల డాక్టరు. తండ్రి పేరు బయటపడితే కొంప మునుగుతుందని పండక్కి తప్ప పలకరించడు. కష్టంలో ఒకరికొకరు ఎలా నిలబడాలో పుస్తకాలకు పుస్తకాలు రాసిన మనిషి చివరికి ఒంటిగాడై కూర్చున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు!

ఇంట్లోనే పన్నెండు కుర్చీలు వేసి, తనే కాఫీ కాచాడు. మొదటి రోజు పొద్దుగూకే దాకా వాకిట్లో ఒక్క చెప్పుల జత పడలేదు. ఎదురింటి తలుపు వేలెడంత తెరుచుకుని మళ్లీ మూసుకుంది. ఒక్కడు, ఒకే ఒక్కడొచ్చి అమ్మ పేరు మీద ఈ కాఫీ తాగితే చాలు దేవుడా అని ఏడ్చాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఒకడొచ్చాడు. అబూ రామెజ్. హమావాడే, అక్సరాయ్ పేటలో బక్లావా మిఠాయి కొట్లో పొయ్యి దగ్గర పని.

"అల్లా మీ అమ్మగారిని కరుణించాలి, అబూ సారియా." అబూ అంటే నాన్న. పెద్దకొడుకు పేరుతో తండ్రిని పిలవడం అరబ్బుల మర్యాద.

మున్జిర్ సంబరంలో, కంగారులో కప్పు అంచుదాకా నింపేశాడు. వాళ్లలో కప్పు అడుగున గుక్కెడే పోయాలి. నిండా పోస్తే తాగి దయచెయ్యి అన్నట్టే. "అయ్యయ్యో, పొరపాటైంది!"

"మీరు పొమ్మన్నా పోనులెండి. పనుండి వచ్చాను." అబూ రామెజ్ ఆ కప్పు తీసుకుని, తాగకుండా ముందున్న బల్ల మీద పెట్టాడు.

మున్జిర్‌కు ఆ ఆచారం తెలుసు. కప్పు అలా పెట్టాడంటే, అడిగింది ఇస్తేనే తాగుతాడు. లేకపోతే అలాగే వదిలేసి లేచిపోతాడు. చచ్చిపోయిన తల్లి పేరు మీద పోసిన కాఫీ అది.

"అడుగు తమ్ముడూ. నా దగ్గర ఏముందని?"

"ఒక్క నిజం కావాలి. మా రామెజ్ పంతొమ్మిదేళ్లకు మీరు రాసిన ఆ ఆకుపచ్చ అట్ట పుస్తకం చదివాడు. దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. మూడేళ్ల కిందట ఒంటికి బాంబు కట్టుకుని సంతలోకి పోయాడు. వాడితో పాటు ఇరవై రెండు ప్రాణాలు పోయాయి."

"నేను సంతలోకి పొమ్మని ఎక్కడా..."

"ఆ సంగతి అడగలేదండీ. అది టీవీలో విన్నాను, బాగా చెప్పారు. నేనడిగేది వేరు. మీ సారియా చేత ఆ పుస్తకం చదివించారా?"

ఔనని అబద్ధమాడితే పోయేదే, అడిగేవాడెవడు? నాలుక దాకా వచ్చింది. కాఫీ మీద ఆవిరి తగ్గిపోతోంది.

"లేదు," అన్నాడు మున్జిర్. "పదిహేడేళ్లప్పుడు వాడే అలమరలోంచి తీశాడు. లాక్కుని తాళం వేశాను. నీకెందుకురా ఇవన్నీ, చదువు చూసుకో అన్నాను."

అబూ రామెజ్ కప్పు అందుకుని ఆ చల్లారిన కాఫీ చివరి చుక్కదాకా తాగాడు. "అల్లా ఆమెను కరుణించాలి" అని లేచాడు.

"అప్పుడేనా? కూర్చో తమ్ముడూ! తిట్టు, కొట్టు, కానీ కాసేపు కూర్చో. నిన్నటి నుంచీ ఒక్క పురుగు రాలేదు."

"నాకు తెలుసండీ." అబూ రామెజ్ గుమ్మంలో వంగి చెప్పులు తొడుక్కున్నాడు. "అందుకే వచ్చాను. మా రామెజ్‌కూ మూడు రోజులు తలుపు తీసి కూర్చున్నాం. కాఫీ అంతా మా ఆవిడ రోజూ పారబోసింది. ఎవరూ రాలేదు. రెండు వీధుల అవతలే ఉన్నారు, మీరూ రాలేదు."

అతను మెట్లు దిగిపోయాడు. మున్జిర్‌కు ఆ రోజులు బాగానే గుర్తున్నాయి. కబురు అందింది. వెళ్తే తన మీద కేసు బలపడుతుందని, ఆ మూడు రోజులూ కిటికీ తెరలు దించుకుని ఇంట్లోనే ఉన్నాడు.