మూత తీయొద్దన్నది నేనే

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. నేను చెప్పిన జాగ్రత్త వల్లనే ఒక పెద్దమనిషి నీడ లేని దారిలో, వెనక ట్యాంకు నిండా పెట్రోలుండి కూడా బండి కదలక నిలబడిపోతాడేమోనని.

మా ఆయన వెల్డింగు పని చేస్తారు. మోటారు సైకిళ్ళ మీద దూరాలు తిరిగేవాళ్ళకి సీటు వెనక అదనపు ట్యాంకు చేసి బిగించడం ఆయన ప్రత్యేకత. ముందు గది షాపు, వెనక గదిలో మేం నలుగురం: ఆయన, నేను, మా అత్తయ్య, ఏడు నెలల పాప. మధ్యన ఉన్నది ఒక తెర. దానికి వెల్డింగు రవ్వలు పడి చిల్లులు. ఆ చిల్లుల్లోంచి వాసనలన్నీ మా గదిలోకే వస్తాయి.

పోస్టుమాన్ బాబాయి వచ్చింది నెల కిందట. రిటైరయ్యారు. ఉద్యోగమంతా సైకిలు తొక్కారట, ఇప్పుడొక పాత మోటారు సైకిలు కొనుక్కున్నారు. ఉప్పు నేలల దారి మొత్తం దాటి అవతలి ఒడ్డున సముద్రం చూడాలని కోరిక.

“ఆ దారిలో అయిదు వందల పది కిలోమీటర్లు బంకు లేదు బాబాయి గారూ. మీ బండికి పన్నెండు లీటర్లు పడుతుంది. లీటరుకు ముప్పై అయిదు వేసుకున్నా నాలుగు వందల ఇరవైకి అయిపోతుంది” అన్నారు మా ఆయన.

“మిగతా తొంభై తోసుకుంటూ పోతాలే. సైకిలు పంక్చరయితే నేనెన్నిసార్లు తోశానో నీకేం తెలుసు?”

“సైకిలు వేరు, ఇది వేరు. ఎనిమిది లీటర్ల ట్యాంకు చేసిస్తాను. ముందు మీ సొంత ట్యాంకు ఖాళీ చెయ్యండి. అది అయిపోయాక ఈ ట్యాపు తిప్పండి. పైనుంచి కిందికి దానంతటదే దిగుతుంది. పంపూ లేదు, కరెంటూ లేదు.”

ట్యాంకు ఆకుపచ్చ రంగులో ముచ్చటగా వచ్చింది. పెట్రోలు పోసి, బండికి బిగించి, ఆ ట్యాంకు మీదే ఊరి చుట్టూ రెండు రౌండ్లు తిప్పి చూశారు. బాగా నడిచింది. మర్నాడు పొద్దున బాబాయి బయలుదేరాలి కాబట్టి బండి మా ముందు గదిలోనే పెట్టారు.

ఆ సాయంత్రం నేను చేసిన గొడవ తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

“ఏవండీ, పెట్రోలు వాసన. పిల్ల పీలుస్తోంది.”

“పెట్రోలుకి పెట్రోలు వాసనే వస్తుంది. మల్లెపూల వాసన ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

“మూతలోంచి వస్తోంది. మూత మధ్యలో కన్నం ఉంది, చూశాను. అది మూసెయ్యండి.”

“దాని పని దానికుంటుందే.”

“ఏం పని?”

ఆయన సరిగ్గా చెప్పలేకపోయారు. వాళ్ళ గురువు పెట్టేవాడు, ఈయనా పెడుతున్నారు, అంతే. పైగా పొద్దుటి నుంచి పని చేసి ఒళ్ళు హూనమై ఉన్నారు. తెర ఇవతల అత్తయ్య అందుకుంది: “మూసెయ్యరా బాబూ. ఆ కన్నం కంటే నీ పెళ్ళాం నోరే పెద్దగా ఉంది, దాన్ని మూయించలేంగా.”

చెవిలో జోరీగలా పోరుతుంటే ఆయనేం చేస్తారు? రెండు ముద్దలు కలిపి పిసికితే రాయిలా గట్టిపడే జిగురుంది. అది చిటికెడు తీసి కన్నంలో కూరారు. అరగంటకి వాసన పోయింది. నేను గెలిచాననుకున్నాను.

పొద్దున బాబాయి వచ్చారు. వెనక పెట్టెలో టెంటు, రెండు నీళ్ళ సీసాలు, మార్చుకునే బట్టలు. నేను పాపని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను.

“బాబాయి గారూ, దారిలో ఎట్టి పరిస్థితిలోనూ వెనక ట్యాంకు మూత తీయకండి. ఎండకి ఆవిరి కడుతుంది. గుప్పున అంటుకుంటే మనిషి మిగలడు. నాకు మాటివ్వండి.”

“నా సర్వీసులో ఒక్కరి కవరు విప్పలేదమ్మాయ్. నీ మూత విప్పుతానా?” అని పాప బుగ్గ మీద వేలితో తట్టారు.

“ఫోను చేస్తూ ఉండండి.”

“ఫోనుంది, ఆపేసి ఉంటుంది. ఇన్నాళ్ళూ అందరికీ కబుర్లు మోశాను. ఈ పది రోజులు నాకెవరూ మొయ్యక్కర్లేదు.”

నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

నాలుగో రోజు, అంటే ఇవాళ పొద్దున్నే, మా ఆయన ఇంకో ట్యాంకు పూర్తిచేసి తన సొంత బండికే తగిలించి చూశారు. కన్నం లేని మూతే దానికీ పెట్టారు, నా నోటికి జడిసి. నాలుగైదు కిలోమీటర్లు పోగానే ఆగిపోయిందట, బండి తోసుకుంటూ వచ్చారు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

“ట్యాంకు నిండా ఉంది, దిగట్లేదు” అన్నారు. పైపు విప్పి ఊదారు. శుభ్రంగా ఉంది. ట్యాపు విప్పి కడిగారు. అదీ శుభ్రమే. కింద డబ్బా పెట్టి మళ్ళీ ట్యాపు తిప్పారు. సన్నగా ధార వచ్చింది, చుక్కలయింది, ఆగిపోయింది.

నేను తెర పక్కన కూర్చుని పాపకి సీసాతో పాలు పడుతున్నాను. నాలుగు గుక్కలు తాగి కీచుమని ఏడుపు అందుకుంది. చూస్తే సీసా పాలపీక లోపలికి నొక్కుకుపోయి ఉంది. పాలు కారతాయేమోనని సీసా మూత బలంగా బిగించేస్తాను, నాకది అలవాటు. పావు తిప్పు వదులు చేశాను. లోపలికి గాలి బుడగలు గుడగుడమని వెళ్ళాయి. పాప మళ్ళీ తాగసాగింది.

సీసా వంక చూశాను. ట్యాంకు వంక చూశాను.

“ఏవండీ, ఆ మూత ఒక్కసారి వదులు చెయ్యండి.”

“మూతకేమైంది? పైపులో ఉంది తంటా.”

“చెయ్యండి, చెబుతాను.”

మూత కాస్త తిప్పారు. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంది. కింద డబ్బాలోకి పెట్రోలు లావుపాటి ధారగా పడింది. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, ఇది నాకెవరూ పాఠంగా చెప్పలేదు. రోజుకి ఆరుసార్లు పాలసీసాలో చూస్తూనే ఉన్నాను, చూసీ బుర్రకెక్కలేదు.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. మేం బండి పరీక్ష చేసినప్పుడు కన్నం తెరిచి ఉంది. మూసింది ఆ తరవాత.

“నేను పోరబట్టే కదా” అన్నాను.

“జిగురు పెట్టింది నా చెయ్యి. ఎందుకుందో తెలియని కన్నాన్ని మూసింది నేను. నువ్వూరుకో” అన్నారు.

అత్తయ్య లేచి వచ్చింది. పాపని నా ఒళ్ళోంచి తీసుకుంది.

ఆయన బాబాయికి ఫోను చేశారు. ఆపేసి ఉంది. దారి మొదట్లో బంకుకు చేశారు. ఆకుపచ్చ ట్యాంకు పెద్దాయన ఈ పొద్దున్నే నింపుకుని వెళ్ళారన్నారు. ముప్పై, నలభై స్పీడు మించి పోని మనిషి. మధ్యలో ఎక్కడో టెంటు వేసుకుంటారు. రేపు మధ్యాహ్నానికి సొంత ట్యాంకు అయిపోతుంది. ట్యాపు తిప్పుతారు. నాలుగు కిలోమీటర్లో అయిదో నడుస్తుంది, ఆగిపోతుంది. మూత ఒక్కసారి తిప్పితే చాలు. కానీ తిప్పరు. మాటిచ్చారు.

అవతలి బంకు ఫోను మోగడం లేదు. మా ఆయన తెలిసిన లారీ డ్రైవర్లకి చెప్పి, ఆ మూతకి కన్నం పొడవడానికి సుత్తీ మేకూ సంచిలో వేసుకుని బయలుదేరారు. ఆ మొదటి బంకుకే ఇక్కడినుంచి ఆరు వందల కిలోమీటర్లు. ఎంత తోలినా రేపు మధ్యాహ్నానికి బాబాయిని అందుకోలేరు.

అందుకే దూరాలు తిరిగేవాళ్ళంతా చూసే మీ గ్రూపులో ఇదంతా రాస్తున్నాను. ముందు ఇలాంటి ట్యాంకున్నవాళ్ళు మీ మూతలో కన్నం ఉందో లేదో చూసుకోండి. తరవాత, మీలో ఎవరైనా ఉప్పు నేలల దారిలో ఉంటే, రోడ్డు పక్కన పాత బండీ, సీటు వెనక ఆకుపచ్చ ట్యాంకూ, తెల్ల మీసాల మనిషీ కనిపిస్తే దయచేసి ఆగండి. ముందు నీళ్ళివ్వండి. బండి చల్లారాక ఆ మూత పావు తిప్పు వదులు చేసి నడపమనండి. మాటిచ్చానని ఆయన మొండికేస్తారు. అప్పుడు, తీయొద్దన్న అమ్మాయే తీయమందని చెప్పండి. ఆయన ఎలా ఉన్నారో చూసి నాకొక్క ముక్క రాయండి.