వెనకాలి చుక్క

అయినా ఆ చుక్క ఆ గెలాక్సీలోదే అని ఎవరు రాసిచ్చారు గనక, అనుకుంటూ ఉజ్వల నాంపల్లి స్టేషన్ ముందు ఆటోలను తప్పించుకుని ఆబిడ్స్ వైపు తిరిగింది, నవ్వూ వస్తోంది, దిగులూ వేస్తోంది, మూడేళ్లు సాకిన చుక్క మరి, గెలాక్సీ అంచున అంత గట్టిగా ఎక్స్‌రేలు చిమ్ముతోందంటే అక్కడో వింత బ్లాక్‌హోల్ ఉన్నట్టేనని పీహెచ్‌డీ నాలుగో అధ్యాయం నిండా రాసింది, ఎక్స్‌రే దవాఖానల తీస్తరు గదనే, ఆకాశానికి గుడ తీస్తరా అని అమ్మ అడిగితే, మనం తీసుడు కాదమ్మా, అదే పంపుతది అంది, అమ్మ ఔ అంది గానీ నమ్మలేదు, తనే ఎక్కువ నమ్మింది, పెద్ద టెలిస్కోపు సమయం దొరక్క, గెలాక్సీ మీద కనబడింది కాబట్టి గెలాక్సీదే అనుకుని, ఆ దూరంతోనే లెక్కలన్నీ కట్టేసింది, తీరా నిన్న స్పెక్ట్రమ్ వచ్చింది, వెలుగును రంగులుగా విడదీసి చూస్తే గీతలు ఎరుపు వైపు ఎంతో దూరం జరిగి ఉన్నాయి, ఎంత జరిగితే అంత దూరపుదని లెక్క, అంటే చుక్క ఆ గెలాక్సీది కాదు, వందల కోట్ల కాంతి సంవత్సరాల వెనక ఇంకో గెలాక్సీ నడిబొడ్డున మండే క్వాజార్, మన చూపుకు వరసలో పడిందంతే.

ఇరానీ హోటల్లో సదాశివ సార్ అప్పటికే రెండు చాయ్‌లు చెప్పి కూర్చున్నారు, ఆమె గైడు, మంచివారే, కాకపోతే ఆ బ్లాక్‌హోల్ సంగతి ఊరందరికీ చెప్పేశారు, ఆమె చెప్పింది విని, ఏందమ్మా, రేపు బషీర్‌బాగ్‌ల సెమినార్ పెట్టుకొని గిప్పుడు చెప్తున్నవా, ఢిల్లీకెళ్లి పెద్దసార్లు గుడ వస్తున్రు, ఆ స్పెక్ట్రమ్ రేపటికి జర పక్కకు పెట్టరాదు, అన్నారు, లేదు సార్, రేపు నేనే చెప్తా, అంది ఉజ్వల, మరి నాలుగో చాప్టర్ పాయె గదా, అన్నారాయన మెల్లగా, ఆ మాట మాత్రం గుచ్చుకుంది.

ఉజ్వల చాయ్ అందుకోబోతూ బల్ల వైపు చూసింది, తలుపు పైని ఆకుపచ్చ రంగుటద్దంలోంచి సాయంత్రపు ఎండ బల్ల మీద పచ్చగా పడుతోంది, సాసర్ పచ్చగా, సార్ వేళ్లు పచ్చగా, ఎండ సూర్యుడిదే, పచ్చదనం మాత్రం అద్దానిది, దారిలో అంటించుకుంది, దారిలో, ఆగు, స్పెక్ట్రమ్‌లో సన్నటి నల్ల గీతలు రెండున్నాయి, పరికరం లోపమని నిన్న వదిలేసింది, అవి కొద్దిగానే జరిగాయి, ముందున్న గెలాక్సీకి ఎంత జరగాలో సరిగ్గా అంతే, అంటే క్వాజార్ వెలుగు ఆ గెలాక్సీలోంచి దూరి వస్తూ అక్కడి వాయువులోని సోడియం కొంత మింగేస్తే ఆ గుర్తు వేయించుకుని వచ్చింది, సార్, చాప్టర్ ఎటు పోలేదు, అంటూ లాప్‌టాప్ తెరిచింది, ఆయన కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు, చాయ్‌లు చల్లారుతున్నాయి, చుక్క అక్కడిదే అయ్యుంటే తన దగ్గర ఒక్క చుక్కే ఉండేది, వెనకాలది కాబట్టే గెలాక్సీ కడుపులో ఏముందో చేతికొచ్చింది.