వీపు మీద జేబు

ఈ ఫోన్లు తయారుచేసే వాళ్ళెవరో గానీ, వాళ్ళ బట్టలకి జేబులుండవని నా గట్టి అనుమానం. ఉంటే ఒక్కసారైనా అందులో పెట్టి చూసుకునేవాళ్ళు కదా. ఏటా ఒక వేలెడు పెంచుకుంటూ పోతున్నారు. మనుషుల చేతులు మాత్రం పెరగడం ఎప్పుడో ఆగిపోయింది.

నేను బట్టలు కుడతాను. మా ఇంటి ముందుగదే నా కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారగా బట్ట కత్తిరించే బల్ల, మూల ఒక నిలువుటద్దం. ఒకప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళు నడుం దగ్గర కాస్త వదులు చెయ్యమనో, చేతులు కురచ చెయ్యమనో అడిగేవాళ్ళు. ఇప్పుడు అందరిదీ ఒకటే పాట, జేబు. వీధి చివర లాయరుగారు కొత్త ప్యాంటు తొడుక్కుని, జేబులో ఫోను వేసుకుని, కుర్చీలో కూర్చుని చూసి, "పొట్టలో పొడుస్తోందమ్మా" అన్నారు. అయితే నిలబడే వాదించండి అనబోయి నోరు నొక్కుకున్నాను. జేబు లోతు పెంచి ఇస్తే, ఆ బరువుకి ప్యాంటు ఒక పక్కకి జారిపోతోందని మళ్ళీ తెచ్చారు. నేను కుట్టింది ప్యాంటు. ఇటుకలు మోసే సంచీ కాదు.

ఊళ్ళోవాళ్ళ జేబుల సంగతి సరే, నా తల ప్రాణం తోకకి తెచ్చింది మాత్రం మా ఇంట్లో జేబే.

మా ఆయనది వీధి దీపాల పని. ఏ దీపం వెలగకపోతే ఆ స్తంభానికి నిచ్చెన వేసుకుని ఎక్కి బాగుచేస్తారు. కింద నిచ్చెన పట్టుకోవడానికి ఒక జతగాడున్నాడు. మనిషే ఒక నిచ్చెనంత ఉంటాడు కాబట్టి ఆఫీసులో అందరూ పొడుగాయన అంటారు. నేను పొడుగన్నయ్య అంటాను. అంత పొడుగున్న మనిషిని కింద నిలబెట్టి మీరెక్కడమేమిటని పెళ్ళయిన కొత్తలో అడిగాను. "వాడికి పైకెక్కితే కళ్ళు తిరుగుతాయి" అన్నారు మా ఆయన.

ఆయనకి మాత్రం పైకెక్కితేనే ప్రాణం లేచొస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ఏ మేడ మీద ఎవరు ఏ మొక్కలు పెంచుతున్నారో, ఏ కిటికీ గట్టు మీద పిల్లి పడుకుందో, ఎవరు ఒంటరిగా కూర్చుని తమలో తాము పాడుకుంటున్నారో చెబుతూ తింటారు. అది నేను రోజూ నడిచే ఊరేనా అనిపిస్తుంది. నడిచేటప్పుడు నాకు గోడలే కనిపిస్తాయి మరి.

ఆయన పైన ఉన్నంత సేపూ పడతారేమోనని కింద నాకు ఒకటే భయం. ఈ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే బదులు ఫోను చేసేదాన్ని. నల్లదారం తెమ్మని ఒకసారి, పాలు విరిగిపోయాయని ఒకసారి, ఏమీ తోచకపోతే వాన పడేట్టుందా అని ఒకసారి. కిటికీలోంచి ఆకాశం నాకూ కనిపిస్తుందనుకోండి. ఆయన "ఊఁ, చెప్పు" అనగానే గుండె కుదుటపడేది. మళ్ళీ మిషను తొక్కుకునేదాన్ని.

అప్పట్లో ఆయన ఫోను అరిగిన సబ్బుబిళ్ళంత ఉండేది. పిడికిలి మూస్తే లోపల ఉందో లేదో తెలిసేది కాదు. చొక్కా జేబులో పడేసుకుని ఎటు వంగినా కిక్కురుమనేది కాదు. అంకెలు చెరిగిపోయినా దాన్ని నెత్తిన పెట్టుకుని చూసుకున్నారు.

అలాంటిది ఈమధ్య ఆఫీసువాళ్ళు అందరికీ కొత్త ఫోన్లిచ్చి, పాత సిమ్ములు వాటిలోనే వేయించారు. ఏ దీపం పోయిందో అందులోనే కనిపిస్తుందట. మనిషి ఏ స్తంభం దగ్గరున్నాడో ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి తెలుస్తుందట. అందుకని ఎక్కినా దిగినా అది ఒంటిమీదే ఉండాలని రూలు. మొదటిరోజు ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలోకి వస్తుంటే, పక్కింటివాళ్ళు పళ్ళెంలో ఏదో పెట్టి పంపారనుకున్నాను.

"ఏమోయ్, పట్టుకుని చూడు" అని నా చేతిలో పెట్టారు.

నా బొటనవేలు సగం దాకా పాకి అక్కడే ఆగిపోయింది. "పై మూలన ఉన్నది నొక్కాలంటే ఎలాగండీ?"

"రెండో చెయ్యి వాడాలి."

"నిచ్చెన మీద రెండో చెయ్యి ఎక్కణ్ణించి తెస్తారు?"

ఆ మాటకి జవాబు ఆ ఫోను చేసినవాళ్ళ దగ్గరే లేదు, పాపం ఆయన దగ్గరెలా ఉంటుంది?

మొదటి వారంలోనే అది పడింది. చొక్కా జేబులో సగమే పట్టి, మిగతా సగం బయటికి తొంగిచూస్తూ ఉండేది. దీపం మూత విప్పుతుంటే జారి పొదలో పడిందన్నారు. రెండోసారి కింద పొద లేదు, మనిషి ఉంది. కూరగాయల సంచీతో వెళ్తున్న ఒక పెద్దావిడ చెవి పక్కనుంచి రివ్వున వచ్చి, ఆవిడ సంచీలో క్యాబేజీ మీద పడింది. ఆవిడ రోడ్డు మీదే కూలబడి, తేరుకుని లేచి, తిన్నగా ఆఫీసుకి వెళ్ళి అందరినీ చెడామడా తిట్టిందట. ఆవిడ తిట్టడంలో తప్పేమీ లేదు. జానెడు పక్కకి పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. సూపర్‌వైజరు మా ఆయన్ని పిలిచి ఒకటే మాట చెప్పాడు. ఇంకోసారి పైనుంచి ఫోను పడిందంటే ఇక నిచ్చెన ఎక్కేది లేదు, గోదాములో కూర్చుని బల్బులు సర్దుకోవడమే.

ఆ సాయంత్రం ఆయన ఏ మేడ సంగతీ చెప్పలేదు. కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నారు. నేను పైకి "అయ్యో" అన్నాను. లోపల మాత్రం, నిజం చెప్పొద్దూ, సంబరపడ్డాను. గోదాముకి నేల ఉంటుంది, తలుపు ఉంటుంది, నెత్తి మీద ఫ్యాను ఉంటుంది. అక్కణ్ణించి ఎవరూ కింద పడరు. ఇక నేను నిశ్చింతగా మిషను తొక్కుకోవచ్చు.

"ఆ గోదాముకి ఒక్క కిటికీ కూడా లేదు" అన్నారు ఆయన, తినకుండానే లేస్తూ.

ఆ మాట తర్వాత నా సంబరం నాకే రుచించలేదు. తెల్లారగానే ఆయన పనికి తొడుక్కునే పసుపుపచ్చ కోటు బల్ల మీద పరిచి, "ఇవ్వండి ఆ ఫోను, కొలత తీసుకుంటాను" అన్నాను.

మొదట ఛాతీ మీద లోతైన జేబు కుట్టాను. తొడిగి, మా స్టూలెక్కి వంగమంటే, ఫోను అంచు వెళ్ళి గడ్డానికి తగిలింది. నడుం పక్కకి మారిస్తే చెయ్యి ఆడలేదు. ప్యాంటుకి తొడమీద పెడితే అడుగు వేసినప్పుడల్లా మోకాలిని టకటకా కొట్టింది. వెనక జేబు పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చోగానే ఏదో ఫట్టుమంది. పగిలింది కుర్చీయో ఫోనో చూడ్డానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. కుర్చీయే. నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి కోటుకి ఎడమపక్క, చంకకి కాస్త కిందుగా, అడ్డంగా జేబు కుట్టి, దానికి జిప్పు పెట్టి, జిప్పు మీద మూత పెట్టి, మూతకి రెండు గుండీలు కుట్టాను. ఆయన స్టూలు మీద వంగారు, పక్కకి వాలారు, ఒక గెంతు కూడా గెంతారు. పడలేదు.

"దీన్ని కొట్టెయ్యాలంటే దొంగ కూడా ముందు నీ దగ్గరికే రావాలి" అన్నారు. చాలా రోజులకి ఇద్దరం నవ్వుకున్నాం.

కొన్నాళ్ళు ఏ గొడవా లేకుండా గడిచింది. ఒక మధ్యాహ్నం, పని వేళలో, పొడుగన్నయ్య కుడిభుజం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల మా ఆయన తలొంచుకుని ఉన్నారు. నేను మిషను ఆపి లేచాను.

"మళ్ళీ పడిందా?"

"నేల మీద పడలేదులే చెల్లెమ్మా, నా భుజం మీద పడింది. ఆఫీసులో చెప్పను గానీ, నీకు చెప్పకపోతే లాభం లేదని వచ్చా."

"నా జేబు ఊడిందా?" అంటూ ఆయన కోటు పట్టుకుని లాగి చూశాను. ఒక్క కుట్టు కూడా కదల్లేదు. కానీ గుండీలు విప్పి ఉన్నాయి, జిప్పు తీసి ఉంది.

"జేబుదేం తప్పు లేదమ్మా" అన్నాడు పొడుగన్నయ్య. "ఆఫీసు ఫోనొస్తే మోగనిస్తాడు. సూపర్‌వైజరు చేసినా మోగనిస్తాడు. నీకు మాత్రం వేరే రింగు పెట్టుకున్నాడు. అది వినపడిందా, ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చేత్తో గుండీలు విప్పి, జిప్పు లాగి, ఈ పలకని చెవి దగ్గరికి తీస్తాడు. పాత ఫోనప్పుడూ ఇంతే. అది గుప్పిట్లో ఇమిడేది కాబట్టి సరిపోయింది. ఇదెక్కడ ఇముడుతుంది? పడ్డ మూడుసార్లూ నీ ఫోనే."

నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే చెయ్యడం మానేస్తావు."

"మానేస్తే మంచిదేగా? పాలు విరిగిపోయిన సంగతి దిగాక వింటే ఏం పోయింది?"

"నువ్వు చేసేది పాల కోసమా?" అన్నారు ఆయన, కోటు గుండీ పెట్టుకుంటూ, నావైపు చూడకుండా. "నేను పలికేదాకా నీకు ఊపిరాడదని నాకు తెలీదా ఏంటి? ఒక్కరోజు ఎత్తకపోతే లాయరుగారి ప్యాంటు రెండు కాళ్ళూ కలిపి కుట్టేశావు."

అది నిజమే. ఆ రోజు మిషను ఎటు పోతోందో చూడకుండా తొక్కేశాను. లాయరుగారు వచ్చేలోపు విప్పి సర్దేశాను కాబట్టి ఎవరికీ తెలీదనుకున్నాను. నా భయం కూడా ఎవరికీ తెలీదనే అనుకున్నాను. ఆయన ఇన్నాళ్ళూ స్తంభం మీద ఒంటిచేత్తో వేలాడుతూ దాన్ని మోస్తూనే ఉన్నారు. ఆయన పడకూడదని నేను చేసే ఫోనుకే ఆయన పడబోయారు. నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. పొడుగన్నయ్య అటు తిరిగి గోడమీద క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

గోదాముకే వెళ్ళిపోండి అని నేనొక్క మాట అంటే, ఆయన వెళ్ళేవారు. నాకు తెలుసు. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కిటికీ లేని గదిలో ఆయన బల్బులు సర్దుకుంటూ కూర్చోవడం కళ్ళముందు కనిపించింది. ఆ మాట మింగేసి, కత్తెర తీసుకుని, నేను కుట్టిన జేబు నేనే విప్పేశాను.

"అటు తిరగండి."

ఆయన అద్దం వైపు తిరిగారు.

"చెయ్యి వెనక్కి పెట్టండి. పైనుంచి ఎందాకా అందుతుంది? ఇప్పుడు కిందనుంచి పెట్టండి. రెండోది."

దురదపుడితే ఎంత మెలికలు తిరిగినా గోక్కోలేని చోటొకటి ప్రతి వీపుకీ ఉంటుంది. సరిగ్గా అక్కడ సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాను. ఫోను వెడల్పుకీ, మా ఆయన వీపు వెడల్పుకీ చక్కగా కుదిరింది. అంత పెద్ద వస్తువుకి మనిషి ఒంటిమీద అదొక్కటే సరిపడా స్థలం.

"మరి మోగితే?" అన్నారు ఆయన.

"దిగండి. అన్నయ్య తీసిస్తాడు."

"మరి నీ ఊపిరో?"

"నా ఊపిరి సంగతి నేను చూసుకుంటానులెండి" అన్నాను. చూసుకోలేనని నాకు తెలుసు.

మర్నాడు ఆయన వీపు మీద జేబుతో పనికి వెళ్ళారు. నేను ఫోను బల్ల సొరుగులో పడేసి మిషను ముందు కూర్చున్నాను. ఒక చొక్కా చెయ్యి తిరగేసి కుట్టాను. విప్పి మళ్ళీ తిరగేసే కుట్టాను. మూడోసారి విప్పుతుండగా సొరుగులో ఫోను మోగింది.

"ఏమోయ్, ఇవాళ చెయ్యలేదేం?"

"మీరెక్కడున్నారు?"

"నేల మీదే ఉన్నాను. మీ అన్నయ్య తీసిచ్చాడు. చెప్పు, ఎందుకు చెయ్యలేదు?"

"చేస్తే మాత్రం ఏం లాభం, మీరు ఎత్తలేరుగా."

"ఎత్తను. అయినా చెయ్యి." ఆయన గొంతు తగ్గించారు. పక్కన పొడుగన్నయ్య ఉన్నాడు కదా. "నీ ఫోనుకి మాత్రం మోత తీసేసి వణికేట్టు పెట్టాను. అది వీపు మీద ఒకసారి వణికితే, నువ్వు వెనకనుంచి చెయ్యి వేసినట్టుంటుంది. ఒక్క రింగిచ్చి పెట్టెయ్యి. దిగగానే నేనూ ఒక్క రింగిస్తా. మాట్లాడేదేముంది, పాలు ఎలాగూ విరగలేదుగా."

అప్పట్నించీ మా పద్ధతి అదే. ఒక్క రింగు నాది, ఒక్క రింగు ఆయనది. ఫోను మళ్ళీ కింద పడలేదు. పొడుగన్నయ్య కూడా తన కోటు తెచ్చి, ఎక్కకపోయినా సరే, వీపు మీద జేబు కుట్టించుకున్నాడు. కంచం దగ్గర మేడల కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. కిటికీ గట్టు మీద పిల్లి పిల్లల్ని పెట్టింది.

నాకు ఒకటే ఇబ్బంది వచ్చింది. నా ఫోనుకీ మోత తీసేసి వణికేట్టే పెట్టుకున్నాను, అది బల్ల మీదుంటే మిషను అదురుకి ఎప్పుడు వణికిందో తెలీదు. పనిలో నేను తొడుక్కునే పొడవు చొక్కాకి జేబే లేదు. ఊరందరికీ కుట్టానే గానీ నాకోసం ఒకటి కుట్టుకోవాలని ఏనాడూ తోచలేదు. మిగిలిన పసుపుపచ్చ గుడ్డ ముక్క తీసి ఒకటి కుట్టుకున్నాను.

మొన్న లాయరుగారు మళ్ళీ జేబు గొడవతోనే వచ్చారు. ఆయన ప్యాంటు అందుకోవడానికి నేను అటు తిరిగేసరికి, నా వీపు చూసి కళ్ళు తేలేశారు.

"అదేంటమ్మా, ఫోను అక్కడ పెట్టుకుంటే ఎలా తీస్తారు?"

"తియ్యనండీ."

ఆయన ఇంకేదో అడగబోతుండగా వీపు మీద చిన్నగా ఒక్కసారి వణికింది. దిగారు.