నాలుగో రికార్డు చివరి పాట

ఇంగ్లండువాళ్ళ ఆ బ్యాండంటే నేను చెవి కోసుకుంటానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ నలుగురినీ మా ఆవిడ "మీ మేనమామలు" అంటుంది. పెళ్ళికి రాలేదు, పిల్ల పుడితే చూడ్డానికి రాలేదు, వాళ్ళ గోల మాత్రం మా నెత్తిన పెట్టారని దెప్పుతుంది. ఆ దెప్పుళ్ళు పడలేకే నా టేపురికార్డరునీ ఆరు క్యాసెట్లనీ నేను పనిచేసే కోల్డ్ స్టోరేజీకి పట్టుకుపోయి, మెషిన్ రూము పక్కనున్న నా గదిలో పెట్టుకున్నాను. ఇంట్లోనే ఉంచి, నాలుగు మాటలు పడి ఊరుకుంటే సరిపోయేది.

వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఓడలు కట్టే ఊరివాళ్ళు. కింది స్వరాలు మోగించే బేస్ గిటారు వాయించేవాడు అంతకుముందు ఓడలకి రివెట్లు కొట్టినవాడు. మొదటి రికార్డు తొమ్మిది రోజుల్లో ముగించారు. వింటుంటే ఎవరో తలుపు బాదుతున్నట్టుంటుంది. రెండోదాన్ని లోకమంతా నెత్తిన పెట్టుకుంది. రెండోదే గొప్పదనేవాళ్ళతో నేను వాదించను, లేచి వెళ్ళిపోతాను. మూడోది తగువుల రికార్డు. పాడేవాడూ గిటారువాడూ ఒకరి మొహం ఒకరు చూడకుండా, వేరువేరు రోజుల్లో వచ్చి ఎవరి పని వాళ్ళు చేసుకుపోయారట. ఐదో రికార్డుకి డ్రమ్ములవాడు మారాడు. కొత్తవాడు మంచివాడే, కానీ పరాయివాడు. ఆరోది బాగాలేదని అందరూ పెదవి విరిచారు. నాకు మాత్రం అది అలిసిపోయిన మనుషులు నిజం చెప్పినట్టుంటుంది. దాంతో దుకాణం కట్టేశారు.

నాలుగోది వేరు. అందులో చివరి పాట ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. సగం పాటయ్యాక పాడేవాడు ఆపేస్తాడు, తర్వాత గిటారు, తర్వాత డ్రమ్ములు. బేస్ ఒక్కటీ ఒకే స్వరం మీద నిలబడి మోగుతూ ఉంటుంది. అది వినపడినప్పుడల్లా ఎవరో నా ఛాతీ మీద అరచెయ్యి ఆనించినట్టుంటుంది. ఆ పాట లేకపోతే నా జీవితంలో సగం దిగుళ్ళు నేను దాటేవాణ్ణి కాదు. సిగ్గుపడకుండానే చెబుతున్నాను.

మా మెషిన్ రూములో రెండు కంప్రెసర్లున్నాయి. ఒకటి తిరుగుతుంటే ఒకటి ఖాళీగా ఉంటుంది. మోటారు నుంచి పెద్ద చక్రానికి బెల్టులు, ఆ చక్రం తిరిగితే గిడ్డంగిలో చల్లదనం. పదేళ్ళ కిందట కొత్త బెల్టులు వేసిన రోజున, రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి సరైన వేగంలో తిప్పి చూస్తుంటే, నాకు ఒళ్ళు జలదరించింది. వాటి మోత అచ్చంగా ఆ పాటలో బేస్ నిలబడ్డ స్వరం. అప్పటినుంచి ప్రతి సోమవారం టేపు పెట్టి, మెషిన్ మోతతో పోల్చి చూసేవాణ్ణి. ఒకసారి మోత తగ్గిందని పట్టుకుని, తెగబోయే బెల్టుని ముందే మార్పించాను. అప్పటినుంచి మేనేజరుకి నా చెవి మీద గురి. వేగం చూపించే మీటరు చెడిపోతే కొత్తది కొనమన్నాను. మీ చెవి ఉండగా మీటరెందుకన్నాడు. పొగిడితే పొంగిపోయే గుణం నాది. ఊరుకున్నాను.

బెల్టంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. నాకు ముందున్న ఆపరేటరు భుజం తెగిన బెల్టు తగిలే పోయింది. ఆయన మళ్ళీ ఆ చేత్తో గ్లాసు ఎత్తలేదు. అందుకే మా బావమరిదికి అక్కడ ఉద్యోగం ఇప్పించినప్పుడు మా ఆవిడ సంతోషించలేదు. ఆవిడకి తోడబుట్టినవాడు వాడొక్కడే. "వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను" అని ఒక్క మాట అని ఊరుకుంది. నేను చూసుకుంటానన్నాను.

గత రెండేళ్ళుగా మెషిన్ల మోత టేపు కంటే కొంచెం పైకి వెళుతోందనిపించింది. చాలా కొంచెం. బెల్టులు బిగుసుకున్నాయనుకున్నాను. మరీ బిగువుగా ఉంటే బేరింగులు అరిగిపోతాయి కాబట్టి, కాస్త వదులు చేసి టేపుకి కలిపేవాణ్ణి. మళ్ళీ కొన్ని వారాలకి ఇంకాస్త. రెండు మెషిన్లకీ అంతే. ప్రతిసారీ విప్పి పెట్టే ఓపిక లేక బెల్టుల మీదుండే ఇనుప జాలీలు తీసి గోడకి ఆనించేశాను. డ్యూటీ పుస్తకంలో "శబ్దం సరిగా ఉంది" అని రాసి సంతకం చేసేవాణ్ణి.

ఆ రెండేళ్ళలోనే నాకు ఆ పాటలు కొత్తగా వినిపించడం మొదలుపెట్టాయి. పాడేవాడి గొంతు బరువెక్కింది. కుర్రతనంగా ఉంటుందనుకున్న మొదటి రికార్డులో కూడా పెద్దమనిషి దిగులు కనిపించింది. గొప్ప సంగీతం మనతోపాటు పెద్దదవుతుందని, మనకి అనుభవం వచ్చేకొద్దీ లోతు చూపిస్తుందని బావమరిదికి గంటలకొద్దీ చెప్పాను. పాపం వాడు వినేవాడు. వాడికి ఆ పాటల్లో ఒక్క ముక్క అర్థం కాదు, నేనంటే ఇష్టం అంతే. సోమవారాలు మోత ఎలా ఉందిరా అని అడిగితే, మెషిన్ మీదికి వంగి విని, బాగానే ఉంది బావా అనేవాడు.

ఇంకో రెండు సంగతులున్నాయి, రెండూ నేను పెడచెవిన పెట్టినవే. నాలుగో రికార్డు చివరి రెండు పాటలూ కలిపి పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. పదిహేను నిమిషాల టీ విరామంలో అవి పూర్తిగా విని, కప్పు కడుక్కుని లేచేవాణ్ణి. ఈ మధ్య పాట అయ్యేలోపే గంట మోగుతోంది. విరామం కోసేస్తున్నారని గంట కొట్టే గుమాస్తాతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. అతను తన గడియారం తెచ్చి చూపిస్తే, దానికి కూడా జీతం తగ్గించారా అని వెక్కిరించాను. రెండోది మా బావమరిది అన్న మాట. మెషిన్ కింద రోజూ నల్లపొడి పడుతోందని, ఊడ్చినకొద్దీ వస్తోందని అన్నాడు. బొగ్గు లారీలు వెళ్ళే రోడ్డు కదా, దుమ్మై ఉంటుందన్నాను.

ఆ ఆదివారం నాకు సెలవు. బావమరిది డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం మా అమ్మాయి ఒక చిన్న స్పీకరు తెచ్చి నా ముందు పెట్టింది. నా పుట్టినరోజుకి దాచిన డబ్బుతో కొన్నదట. ఫోనులో మీ మేనమామల పాటలన్నీ ఉన్నాయి నాన్నా అంది. మా ఆవిడ కూడా నవ్వుకుంటూ వచ్చి కూర్చుంది. నాలుగో రికార్డు చివరి పాట పెట్టమన్నాను.

మొదటి చరణంలోనే మొహం చిట్లించాను. పాడేవాడు కుర్రవాడిలా ఉన్నాడు. బరువు లేదు, దిగులు లేదు, పరుగెడుతున్నాడు. ఫోనులోకి ఎక్కించేటప్పుడు తొందరపెట్టి పాడుచేశారని తిట్టాను. అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "లేదు నాన్నా, అసలుదే. చూడు, ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు" అని ఫోను చూపించింది.

క్యాసెట్టు కార్డు మీద ఉన్నదీ అదే. ఎన్నో ఏళ్ళుగా చదువుతున్న కార్డు. ఫోనులో పాట సరైన పాటే. అయితే నేను వింటున్నది ఏ పాట?

బేస్ తన స్వరం మీదికి వచ్చి నిలబడింది. నాకు తెలిసిన స్వరం కంటే పైన ఉంది. మొన్న సోమవారం నా గదిలో విన్నదాని కంటే బాగా పైన. అప్పుడు గంట గుర్తొచ్చింది. గుమాస్తా గడియారం సరిగానే ఉంది. పాటే సాగుతోంది. నా టేపురికార్డరులో కూడా ఒక చిన్న రబ్బరు బెల్టుంటుంది. అది సాగిపోయి రెండేళ్ళుగా టేపు నెమ్మదిగా తిరుగుతోంది. మెషిన్లు ఎక్కడికీ పైకి పోలేదు. టేపే కిందికి జారుతుంటే, దానికి సరిపోయేలా నా చేతులతో నేనే మెషిన్ల బెల్టులు వదులు చేస్తూ వచ్చాను. వదులు బెల్టు చక్రం మీద జారుతుంది, జారితే కాలుతుంది, కాలి రాలుతుంది. వాడు రోజూ ఊడ్చిన నల్లపొడి దుమ్ము కాదు.

బావమరిదికి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆ గదిలో మెషిన్ తిరుగుతుంటే ఫోను ఎవరికీ వినపడదు. మేనేజరుకి చేశాను. మెషిన్ ఆపించమన్నాను, వాణ్ణి బయటికి పిలవమన్నాను. ఆయన నా మాట నెమ్మదిగా విన్నాడు.

"సోమవారం మీరే కదండీ బాగుందని సంతకం పెట్టారు" అన్నాడు. "ఆదివారం పూట ఎందుకండీ కంగారు. మెషిన్ ఆపితే లోపల పళ్ళన్నీ ఏమైపోవాలి? అంతగా అనుమానముంటే మీరే వెళ్ళి చూడండి."

మా ఆవిడ నా మొహం చూసింది. స్కూటరు తాళం చెవి తెచ్చి చేతిలో పెట్టింది.

స్కూటరు ఎలా నడిపానో నాకు తెలియదు. గేటు దగ్గరే కాలిన రబ్బరు వాసన తగిలింది. సోమవారం కూడా అదే వాసన ఉండి ఉంటుంది. చెవి మీద ఉన్న గర్వంలో ముక్కుని ఎప్పుడైనా పట్టించుకున్నానా?

మెషిన్ రూములో మొదటి కంప్రెసరు తిరుగుతోంది. మా బావమరిది దాని చక్రానికి ఎదురుగా స్టూలు వేసుకుని, చీపురు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నవ్వాడు. నేను వాణ్ణి పక్కకి తోసి ఎర్ర స్విచ్చు నొక్కాను. చక్రం మూలుగుతూ నెమ్మదించి ఆగింది.

"ఏంటి బావా, సెలవు రోజు కూడానా?" అన్నాడు.

మెషిన్ ముందు కూలబడి చూశాను. నాలుగు బెల్టుల్లో ఒకటి అప్పటికే తెగి కింద పడి ఉంది. రెండింటి అంచులు పీచులు పీచులుగా లేచిపోయాయి. మిగిలినదాన్ని ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఇంకో గంట తిరిగి ఉంటే స్టూలు మీద మనిషి ఉండేవాడు కాదు. వాడు బతికే ఉన్నాడు, నా వెనకే ఉన్నాడు, అనుకున్నాను. వాడి అక్కకి ఏం చెప్పాలో, మేనేజరు మొహం మీద ఏ బెల్టు విసరాలో ఆలోచిస్తూ, గుండె కుదుటపడేదాకా అలాగే నేల మీద చేతులానించి కూర్చున్నాను. ఎంతసేపో కాదు, ఒక నిమిషం.

ఆ నిమిషమే ఎక్కువైంది. మొదటిది ఆగితే ఎవరినీ అడగకుండా నిమిషంలోపు రెండోది వెయ్యాలి, లేకపోతే సరుకు పాడవుతుంది. వాడు చేరిన మొదటి రోజున ఆ మాట చెప్పింది నేనే, పదిసార్లు చేయించి చూసింది నేనే.

గది ఆ చివర మోటారు అందుకుంది. తల తిప్పేసరికి వాడు రెండో మెషిన్ పక్కన, జాలీ లేని బెల్టులకి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. మోత లేచింది, పైకి ఎక్కింది, ఎక్కి ఎక్కి నిలబడింది. నా టేపులో స్వరం మీదే నిలబడింది.

ఒరేయ్, తప్పుకో అని అరిచాను. ఆ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. నా పెదాలు కదలడం వాడు చూశాడు. ప్రతి సోమవారం నేను అడిగేదే అడుగుతున్నాననుకున్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, బెల్టుల మీదికి ఇంకాస్త వంగి విన్నాడు. బాగానే ఉంది బావా అన్నట్టు నవ్వుతూ తలూపాడు.